ఇంట్లో జపమాల ఆగిపోయింది, మళ్ళీ ఎట్లా మొదలుపెట్టాలి?

కావలి కోడలు · ఫిబ్రవరి 14, రాత్రి 10:20

అందరికీ వందనాలు. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మొన్న విజయవాడ గుణదల మాత తిరునాళ్ళకు పోయి వచ్చాం. మాత గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించి మోకాళ్ళూనితే ఏడుపు ఆగలేదు. ఏదో బరువు దిగినట్టనిపించింది. రైలు దిగి ఇంటికొచ్చి మూడు రోజులు కాలేదు, మళ్ళీ అంతా మామూలే. పొద్దున లేస్తే బాక్సులు, బట్టలు, మిషన్. నిన్న రాత్రి పడుకునేటప్పుడు చూసుకుంటే సిలువ గుర్తు వేసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు. గుణదలలో ఏడ్చింది నేనేనా అని బాధేసింది.

మా పుట్టింట్లో జపమాల కాకుండా కంచాలు పెట్టేవాళ్ళు కాదు. నాయన సిలువ గుర్తు వేసి మొదలుపెడితే అమ్మ నడిపించేది. పోయిన ఏడాది అమ్మ పోయింది. ఆమె జపమాల నాకిచ్చారు. అప్పటికే తీగ తెగి ఉంది. పూసలన్నీ ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసి బీరువాలో పెట్టాను. డబ్బా మూత తియ్యబుద్ధి కాదు.

ఇక్కడ మా ఇంటి సంగతి వేరు. మా ఆయన లారీ మీద పోతే మూడు నాలుగు రోజులకు గానీ రాడు. పిల్లలిద్దరూ ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఎనిమిది. నేను జాకెట్లు కుడతాను, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి పదకొండు దాకా మిషన్ మీదే. అత్తమ్మ ఒకప్పుడు బాగా ప్రార్థన చేసేదట. ఇప్పుడు జపమాల అంటే "మీరు చెప్పుకోండి" అంటుంది, టీవీ సౌండ్ తగ్గించదు. కారణం అడిగితే చెప్పదు.

ఈ బుధవారం విభూది, పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు వచ్చే తపస్సు కాలం మొదలు. ఈ తపస్సు కాలంలోనైనా ఇంట్లో ప్రార్థన మళ్ళీ నిలబెట్టాలని ఉంది. మీ ఇళ్ళల్లో ఎట్లా జరుగుతోందో చెప్పండి. ఎట్లా ఉండాలో కాదు, నిజంగా ఎట్లా ఉందో.

ఆత్మకూరు అన్న · ఫిబ్రవరి 14, రాత్రి 11:05

అమ్మా, ఇందులో ఆలోచించేదేముంది? టైం పెట్టుకుని టీవీ కట్టేసి అయిదు రహస్యాలూ, అంటే జపమాల మొత్తం, చెప్పాలి. నేను మరియ దళంలో (లీజియన్ ఆఫ్ మేరీ) పదిహేనేళ్ళుగా ఉన్నాను. తిప్పికొడితే ఇరవై నిమిషాలు. ఫోన్‌కు రెండు గంటలు ఇచ్చేవాళ్ళం దేవుడికి ఇరవై నిమిషాలు ఇవ్వలేమా? సగం సగం మొదలుపెడితే పిల్లలకు సగం సగమే అలవాటవుతుంది.

పొదిలి మాస్టారు · ఫిబ్రవరి 15, ఉదయం 6:30

అమ్మాయీ, నాకు 78 ఏళ్ళు. నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది.

మా నాయన ఉపదేశి, ఫాదర్ లేనప్పుడు పల్లెలో ప్రార్థన నడిపేవాడు. మా పల్లెకు ఫాదర్ నెలకొకసారి వచ్చేవారు, వానలు పడితే అదీ లేదు. అప్పటికి నెల్లూరు మేత్రాసనం (బిషప్ గారి ఏలుబడి) ఏర్పడి, అంటే 1928 తర్వాత, ముప్ఫై ఏళ్ళు కూడా కాలేదు. మిల్ హిల్ సభ ఫాదర్లు ఉండేవారు, ఒక్కొక్కరికి ఎన్నో పల్లెలు. పూజ లాటిన్‌లో జరిగేది. మా అందరి నోళ్ళకూ పట్టింది "కిరియే ఎలెయిసోన్" ఒక్కటి, అది లాటిన్ కాదు గ్రీకు అని నేను ట్రైనింగ్‌కు పోయాక తెలుసుకున్నాను. 1963 డిసెంబర్ 4న రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద పత్రం ఆమోదించింది. ఆ తర్వాతి ఏళ్ళల్లో పూజ తెలుగులోకి వచ్చింది. తెలుగులో మొదటిసారి పరలోక జపం పీఠం దగ్గర నుంచి వినపడిన రోజు మా జేజి గుడి గోడకు ఆనుకుని అట్లాగే నిలబడిపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నెలకొక పూజతో, అర్థం కాని భాషలో, ఆ పల్లెల్లో విశ్వాసం ఎట్లా నిలబడింది? సాయంత్రం దీపం పెట్టే వేళకు మా నాయన గంట కొట్టేవాడు. చేల నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని ఎవరి అరుగు మీద వాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు. పొగాకు బ్యారన్ దగ్గర మంట వేస్తున్న వాళ్ళు అక్కడే నిలబడి చెప్పేవాళ్ళు, మంట వదిలి రాలేరు కదా. ఎవరూ వాళ్ళను తప్పు పట్టలేదు. అదే మహాసభ 1964లో కుటుంబాన్ని ఇంటి శ్రీసభ (ఇంట్లోని చర్చి) అంది. మా పల్లె ఆ మాట వినకముందు నుంచీ అట్లాగే బతికింది.

అయిదు రహస్యాలు మంచిదే, ఆత్మకూరు ఆయన చెప్పింది తప్పు కాదు. అయితే పడిపోయిన ఇంటిని ఒక్క రోజులో కట్టలేం. ఒక్క రహస్యంతో మొదలుపెట్టు. ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. నాలుగు నిమిషాలు. దానికి కొత్తగా టైం వెతకొద్దు, ఇంట్లో రోజూ ఎట్లాగూ జరిగే పనికి కట్టెయ్యి. అన్నం కుక్కర్ దించాక, కంచాలు పెట్టే ముందు. పెద్దవాడు సిలువ గుర్తు వేసి మొదలుపెట్టాలి, చిన్నది ముగించాలి. ఆ పని వాళ్ళదే అయితే వాళ్ళే గుర్తు చేస్తారు. ముప్ఫై రెండేళ్ళు బళ్ళో పనిచేసి పిల్లల గురించి నేను తెలుసుకున్నది ఇది.

ఒంగోలు నర్సు · ఫిబ్రవరి 15, మధ్యాహ్నం 2:40

అక్కా, మీ పోస్టు డ్యూటీ రూములో చదివాను. నాదీ అదే బాధ కాబట్టి రాస్తున్నాను.

నాకు నెలలో రెండు ఆదివారాలు డ్యూటీ పడుతుంది. మొదట్లో పూజ పోయిందని లోపల కుళ్ళిపోయేదాన్ని. చివరికి పాప సంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పాను. రోగులను చూసుకోవడం లాంటి బలమైన కారణం ఉన్నప్పుడు అది పాపం కాదని ఫాదర్ చెప్పారు, వెంటనే "శనివారం సాయంత్రం పూజ ఉంది కదా, దానికి రాగలవా?" అని అడిగారు. శనివారం సాయంత్రపు పూజ ఆదివారం లెక్కే అని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు డ్యూటీ చార్టు వేసిన రోజే ఏ శనివారం పోవాలో రాసుకుంటున్నాను.

ఇంక రోజువారీ సంగతి. వార్డులో చేతులు కడుక్కోవడం ఎన్నిసార్లో లెక్క లేదు. ప్రతి పేషెంటుకూ ముందు, తర్వాత. ఒక సిస్టర్ నాకు ఈ మాట చెప్పింది: కడుక్కునేటప్పుడు తర్వాత చూడబోయే మనిషిని ప్రభువు చేతుల్లో పెట్టు. అంతే. "ప్రభువా, 14వ బెడ్." పేరు గుర్తు లేకపోతే నంబరే. దీంతో నేను గొప్ప భక్తురాలిని అయిపోలేదు కానీ ఒకటి మారింది. విసుక్కునే పేషెంటు దగ్గరికి పోయే ముందు ఆ ఇరవై సెకన్లు నా మొహం సరిచేస్తున్నాయి. "నేను రోగిగా ఉంటిని, మీరు నన్ను పరామర్శించిరి" అన్న మాట మత్తయి 25లో ఎన్నిసార్లు విన్నానో. రాత్రి మూడు గంటలకు వాంతి చేసుకున్న పెద్దాయన పక్కబట్ట మార్చేటప్పుడు ఆ మాట వేరేగా వినపడింది.

మిషన్ కుట్టేటప్పుడు మీరూ చెయ్యొచ్చు అక్కా. ఎవరి జాకెట్ కుడుతుంటే వాళ్ళ కోసం.

చెరువు గట్టు (ముత్తుకూరు) · ఫిబ్రవరి 16, రాత్రి 1:15

నిద్ర లేని వాళ్ళల్లో నేనొకణ్ణి. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది కాబట్టి కన్ను మూయడానికి లేదు. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. నాకు జపమాల అంటే చేతి వేళ్ళే. పది వేళ్ళు, పది మంగళవార్త జపాలు. గట్టు ఒక వైపు నడిస్తే ఒక రహస్యం అవుతుంది. చెరువుకు నాలుగు గట్లు. అయిదో రహస్యం షెడ్డు ముందు కూర్చుని చెబుతాను. వైట్ స్పాట్ రోగం వచ్చి పంట పోయిన ఏడాది కూడా ఇట్లాగే నడిచాను. ఆ నెల దేవుడి మీద కోపంగానే చెప్పాను. చెప్పడం మాత్రం మానలేదు.

బీటెక్ ఆఖరి ఏడాది · ఫిబ్రవరి 16, రాత్రి 1:40

అన్నా, కోపంగా ఉన్నప్పుడు చెప్పినా అది ప్రార్థన అవుతుందా? నిజంగా అడుగుతున్నా. నాకు ఇప్పుడు కోపం కూడా లేదు, ఏమీ అనిపించడం లేదు. నెల్లూరులో హాస్టల్లో ఉంటున్నా. అమ్మ ఫోన్ చేసి "ప్రార్థన చేసుకున్నావా" అంటే చేసుకున్నా అంటాను. చేసుకుంటా కూడా. కానీ గోడతో మాట్లాడినట్టు ఉంటుంది. ప్లేస్‌మెంట్స్ టెన్షన్ ఒకటి. ఏమీ అనిపించనప్పుడు చెయ్యడం మోసం కాదా?

చెరువు గట్టు (ముత్తుకూరు) · ఫిబ్రవరి 16, రాత్రి 1:52

కీర్తనల గ్రంథం తియ్యి తమ్ముడూ. ఎన్నో కీర్తనలు కోపం, ఏడుపు, "ఎందుకు నన్ను విడిచిపెట్టావు" అన్నవే. 22వ కీర్తన ఆ మాటతోనే మొదలవుతుంది. సిలువ మీద ప్రభువు పలికింది అదే. నేను పెద్ద చదువరిని కాదు, ఈ రెండూ ఒకే మాట అని తెలిసిన రాత్రి మాత్రం నాకు ధైర్యం వచ్చింది.

పొదిలి మాస్టారు · ఫిబ్రవరి 16, ఉదయం 6:15

బాబూ, ఏమీ అనిపించకపోవడం మోసం కాదు. కోల్‌కతా మదర్ తెరెసా గారి ఉత్తరాలు ఆమె పోయాక బయటికొచ్చాయి. ఎన్నో ఏళ్ళు ఆమెకు లోపల చీకటే. దేవుడు ఉన్నాడన్న అనుభూతి లేకుండానే ఆమె రోజూ పొద్దున పూజకు కూర్చుంది, తర్వాత వీధిలోకి పోయింది. 2016లో పునీతురాలిగా ప్రకటించారు. ఫ్రాన్సు పునీతురాలు చిన్న తెరేసమ్మ అయితే ప్రార్థనలో నిద్రపోయేది. బిడ్డలు మేలుకున్నా నిద్రపోయినా తల్లిదండ్రులకు ముద్దే కదా అని ఊరుకుంది. ఆమె 24 ఏళ్ళకే పోయింది, ఇంచుమించు నీ వయసు.

మీ అమ్మకు "చేసుకున్నా" అనే బదులు, "చేశానమ్మా, మనసు నిలవలేదు, నాకోసం నువ్వూ చెయ్యి" అని చెప్పి చూడు. ప్రార్థన గురించి ఇంట్లో నిజం మాట్లాడుకోవడం మనం ఎప్పుడో మానేశాం.

గుండ్లకమ్మ · ఫిబ్రవరి 16, ఉదయం 11:30

ఒక పక్క ప్రశ్న. నేను కతోలిక పిల్లను, చేసుకున్నది బాప్టిస్టు ఇంట్లో. మా మామగారి ముత్తాత 1878లో గుండ్లకమ్మలో జ్ఞానస్నానం తీసుకున్నవాళ్ళల్లో ఒకడని చెప్పుకుంటారు, ఆ జూలై 3న ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు కదా. ఆ కుటుంబానికి అది ఎంత గొప్పో నాకు తెలుసు, నాకూ గౌరవమే. వాళ్ళింట్లో బైబిలు చదవడం చూసి నేను సిగ్గుపడ్డాను కూడా. మా ఇంట్లో బైబిలు పటం పక్కన పూలదండతో ఉండేది, ఎవరూ తెరిచేవాళ్ళం కాదు.

కానీ నేను జపమాల తీస్తే ఆడబిడ్డ "మనిషిని పూజిస్తావా వదినా" అంటుంది. గొడవ పడకుండా ఏం చెప్పాలి?

ఒంగోలు నర్సు · ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 3:10

వాదన పెట్టుకోకండి, లూకా సువార్త తెరవండి. మంగళవార్త జపంలో మొదటి మాటలు దేవదూతవి, లూకా 1:28. తర్వాతవి ఎలిసబేతమ్మవి, లూకా 1:42. ఆ తర్వాత మనం అడిగేది "మా కొరకు ప్రార్థించండి" అని. ఆరాధన దేవుడొక్కడికే. మరియమ్మను అడగడం, మీ అత్తగారిని "నా కోసం ప్రార్థన చెయ్యండి" అని అడగడం లాంటిదే. జపమాలలో కళ్ళ ముందు నడిచేది ప్రభువు జీవితమే కదా. తోటలో ప్రార్థన, కొరడా దెబ్బలు, ముళ్ళ కిరీటం, సిలువ మోయడం, సిలువ మీద మరణం. మంగళవారం, శుక్రవారం ఈ అయిదే.

గుండ్లకమ్మ · ఫిబ్రవరి 18, రాత్రి 8:50

ఆడబిడ్డకు లూకా చూపించాను. ఒప్పుకోలేదు. కానీ "అయితే ఆ అధ్యాయం మొత్తం చదువుదాం రా" అంది. ఇద్దరం కూర్చుని మరియమ్మ స్తుతి గీతం దాకా చదివాం. బలవంతులను గద్దెల మీద నుంచి పడదోసి దీనులను లేవనెత్తాడన్న చోట ఇద్దరం ఆగాం. నాకు ఇది చాలు. ఈ నలభై రోజులూ రోజుకొక అధ్యాయం చదవాలని అనుకున్నాం. లూకాలో 24 అధ్యాయాలు, ఆ తర్వాత అపొస్తలుల చర్యలు మొదలుపెడతాం.

కావలి కోడలు · ఫిబ్రవరి 20, రాత్రి 9:30

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. విభూది రోజు మొదలుపెట్టాం. కుక్కర్ దించాక, ఒక్క రహస్యం.

మొదటి రోజు బాగా జరిగింది. రెండో రోజు చిన్నది ఏడ్చింది, ఆకలని. ఈ రోజు మా ఆయన సేలం నుంచి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టమన్నాడు, లారీ పక్కకు ఆపుకుని తనూ చెప్పాడు. మధ్యలో హారన్లు వినపడుతూనే ఉన్నాయి. అత్తమ్మ టీవీ తగ్గించలేదు.

శుక్రవారం కదా, మాంసం మానేశాం. ఒక సందేహం. చేపలు తినొచ్చు అంటారు కదా, మా వీధిలో ఈ ఆరు శుక్రవారాలూ చేపల పులుసు ఘుమఘుమలే. మామిడికాయ కూడా దిగింది. మనకు అది పండగ కూడే కదా? దీన్ని మానడం అంటారా?

ఆత్మకూరు అన్న · ఫిబ్రవరి 20, రాత్రి 9:55

అమ్మా, రూలు రూలే. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం, అంటే ఒక పూట కడుపు నిండా, మిగతా రెండు పూటలూ కొద్దిగా. 18 నిండినవాళ్ళ నుంచి 59 నిండేదాకా. శుక్రవారాల్లో మాంసం మానడం 14 నిండినవాళ్ళందరికీ. చేప నిషేధం కాదు.

రూలు దాటి నా మనసులో మాట చెబుతాను. పోయిన ఏడాది దాకా నేనూ శుక్రవారం కొర్రమీను తెచ్చేవాణ్ణి. మాంసం మానాను కదా అని తృప్తి. మా ఊళ్ళో ఒక ముసలామె పచ్చడి మెతుకులతో సిలువ మార్గానికి వచ్చి, 14 స్థలాలూ నేల మీద మోకాళ్ళూని చేసింది. ఆ రోజు నాకు నా పులుసు గొంతులో అడ్డం పడ్డట్టయింది. ఇప్పుడు శుక్రవారం చేపల డబ్బు ఒక డబ్బాలో వేస్తున్నాం. ఉపవాసం, ప్రార్థన, దానం మూడూ మత్తయి ఆరో అధ్యాయంలో పక్కపక్కనే ఉన్నాయి. మనం మొదటి రెండిటినీ పట్టుకుని మూడోదాన్ని పండగలకు వదిలేస్తున్నాం. ఆ డబ్బా పాస్కాకు ఎవరికి చేరాలో మా ఆవిడకు తెలుసు. చెప్పను.

ఇంకో మాట. సగం సగం మొదలుపెట్టొద్దని నేను అన్నది తొందరపాటు. మీ ఆయన రోడ్డు పక్కన లారీ ఆపి చెప్పాడని చదివాక నాకు అనిపించింది.

కలువాయి అమ్మి (కువైట్) · ఫిబ్రవరి 21, రాత్రి 12:20

నేను కువైట్‌లో ఇంటి పని చేస్తాను. తొమ్మిదేళ్ళు అయింది. మాకు సెలవు దినం శుక్రవారం, అందుకని ఆదివారం పూజ ఇక్కడ శుక్రవారం కూడా ఉంటుంది. కానీ నాకు నెలకు ఒక్క రోజే బయటికి పంపుతారు. ఆ రోజు గుడికి పోతే తెలుగు పాట వినపడుతుంది. మూడు వారాలు ఆ పాట మీదే బతుకుతాను.

మిగతా రోజులు త్రికాల జపం. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. ఆ టైములో మా ఊరి గుడి గంట మోగుతుందని తెలుసు, గడియారం తేడా ఉన్నా మనసులో వింటాను. ఇల్లు తుడుస్తూ చెప్పుకుంటాను, పెదవులు కదలవు. మా మేడం వాళ్ళు కూడా రోజుకు అయిదుసార్లు నమాజు చేస్తారు. వాళ్ళు పని ఆపి నిలబడటం చూశాక నేను కూడా పన్నెండు గంటలకు మాప్ గోడకు ఆనించి ఒక్క నిమిషం నిలబడటం నేర్చుకున్నాను. మేడం చూసింది, ఏమీ అనలేదు. ఆ నిమిషం నాకు పని చెప్పదు ఇప్పుడు.

కావలి అక్కా, ఇంట్లో మీరు ముగ్గురు ఉన్నారు. నేను నా పిల్లలతో కలిసి ఒక్క మంగళవార్త జపం చెప్పి నాలుగేళ్ళయింది. మొదలుపెట్టినందుకు నాకు చాలా సంతోషం.

నిమ్మకాయల గుమాస్తా · ఫిబ్రవరి 27, రాత్రి 10:45

ఇది రాయాలా వద్దా అని వారం ఆలోచించాను.

మీరంతా ప్రార్థన గురించి మాట్లాడుతున్నారు. నాకు ప్రార్థనకు ఎప్పుడూ లోటు లేదు. రోజూ అయిదు రహస్యాలు, ఆదివారం పీఠం దగ్గర మొదటి పఠనం నాదే. పని నిమ్మకాయల మండీలో కాటా దగ్గర. పొదలకూరు చుట్టుపక్కల తోటల నుంచి బస్తాలు వస్తాయి. తరుగు అని కొంత తీస్తారు, అది అందరికీ తెలిసిందే. నేను దాని మీద ఇంకొంచెం తీసేవాణ్ణి. ఓనరు చెప్పాడని కాదు, చెప్పకపోయినా ఆయనకు నచ్చుతుందని. ధర పెరిగిన ఎండాకాలంలో కిలో అంటే ఎంతో రైతుకు తెలుసు, నాకూ తెలుసు.

పోయిన తపస్సు కాలంలో గుడిలో ఒక సాయంత్రం ప్రార్థనలో సుంకరి జక్కయ్య కథ నేనే చదివాను. లూకా 19. "నేను ఎవరినైనా మోసం చేసి ఉంటే నాలుగింతలు తిరిగి ఇచ్చేస్తాను" అనే చోటికి వచ్చేసరికి నా గొంతు పెగల్లేదు. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు రైతులు, నా కాటా మీద నిమ్మకాయలు వేసినవాళ్ళే. చదవడం ముగించి దిగాను. ఆ వారం పాప సంకీర్తనం చేశాను. క్షమాపణ దొరికింది కానీ తీసుకున్నది తిరిగి ఇవ్వకుండా ఆ పశ్చాత్తాపం పూర్తి కాదని ఫాదర్ చెప్పారు.

నాలుగింతలు నా వల్ల కాలేదు. పాత చీటీలు తీసి, గుర్తున్నంత వరకు లెక్క వేసి, తొమ్మిది ఇళ్ళకు పోయి ఇచ్చాను. ఒకాయన తిట్టాడు. ఒకావిడ డబ్బు తీసుకుని ఏమీ అనకుండా లోపలికి పోయి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ మజ్జిగ తాగడం తిట్లు తినడం కంటే కష్టమయింది. ఎవరెవరో గుర్తులేని వాళ్ళ వాటా పేదలకు ఇమ్మన్నారు, ఇచ్చాను. ఇప్పుడు కాటా సరిగ్గా వేస్తున్నాను. ఓనరు దగ్గర మాటలు పడుతున్నాను. పని ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు.

పదిహేనేళ్ళు జపమాల చెప్పాను, ఆ పదిహేనేళ్ళూ కాటా మీద చెయ్యి వేశాను. రెండూ ఒకే చేతితో. ఇక్కడ పిల్లలు కూడా చదువుతారు కాబట్టి రాశాను.

పొదిలి మాస్టారు · ఫిబ్రవరి 28, ఉదయం 6:20

నాయనా, నీ పోస్టు రెండుసార్లు చదివించుకున్నాను. మనవరాలు రెండోసారి చదవలేక ఫోన్ నా చేతికిచ్చింది. దేవుడు నీకు పని చూపిస్తాడు. మొదటి పఠనం మాత్రం మానొద్దు.

కావలి కోడలు · మార్చి 8, రాత్రి 10:10

గుమాస్తా అన్న రాసింది చదివాక నాలుగు రోజులు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను.

మా పక్క వాటాలో మా తోటికోడలు ఉంటుంది. గోడ ఒకటే. రెండేళ్ళ కింద ఇల్లు పంచుకునేటప్పుడు మాటా మాటా వచ్చింది. అప్పటి నుంచి మాటల్లేవు. పంపకంలో నడింట్లో ఉన్న యేసు తిరుహృదయం పటం వాళ్ళకు పోయింది, అత్తమ్మ మాకు వచ్చింది. ఇట్లా రాస్తుంటేనే చెయ్యి ఆగుతోంది, అత్తమ్మను కూడా వస్తువుతో పాటు పంచాం.

మొన్న రాత్రి ప్రార్థన అయ్యాక టీవీ కట్టేసి అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. "ఎందుకు కూర్చోవు అత్తమ్మా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "గోడకు అవతల ఒక కోడలు, ఇవతల ఒక కోడలు. ఇద్దరూ జపమాల చెబుతారు. 'మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు' అనే చోటికి వచ్చేసరికి ఏ నోటితో చెప్పను? నేను ఎవరి పక్కన కూర్చున్నా రెండో వాళ్ళకు కోపం."

నేను టీవీకి కోప్పడుతూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆ సౌండు అవతలి జపమాల వినపడకుండా ఉండటానికి పెట్టుకుందట.

ఒంగోలు నర్సు · మార్చి 8, రాత్రి 10:35

అక్కా, మత్తయి 5:23, 24 చూడండి. కానుక పీఠం దగ్గర వదిలేసి ముందు పోయి సమాధానపడమన్నాడు. ఎవరి తప్పు అని అందులో లేదు. నీ సోదరుడికి నీ మీద మనసులో ఏదైనా ఉందని గుర్తొస్తే అని ఉంది. ఎట్లా పోతారో, ఏం మాట్లాడతారో నేను చెప్పలేను. మీ కోసం ఈ రాత్రి డ్యూటీలో ప్రార్థన చేస్తాను.

గుండ్లకమ్మ · మార్చి 8, రాత్రి 11:00

పంచాయితీ మాటలు ఎత్తొద్దు అక్కా. ఇల్లు ఎవరికి ఎంత వచ్చింది అనే సంగతి మొదలైతే మళ్ళీ మొదటికే. పిల్లల్ని తోడు తీసుకుపోండి.

బీటెక్ ఆఖరి ఏడాది · మార్చి 12, రాత్రి 11:20

మాస్టారూ, అమ్మకు మీరు చెప్పినట్టే చెప్పాను. ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాక్కూడా అట్లాగే ఉంటుంది రా, మీ నాయన పోయినప్పటి నుంచి" అంది. ఇరవై రెండేళ్ళు వచ్చాయి, అమ్మ ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాత్రి పది గంటలకు ఇద్దరం ఫోన్లో ఒక్క రహస్యం చెబుతున్నాం. ఇంకా గోడలాగే ఉంది. కానీ గోడకు ఇవతల ఇద్దరం ఉన్నాం.

కావలి కోడలు · మార్చి 20, రాత్రి 9:50

నిన్న జోజప్ప గారి పండగ. గుడి నుంచి వస్తూ పిల్లల్ని తీసుకుని నేరుగా పక్క వాటాకు పోయాను. చేతిలో ఏమీ లేదు, ఏదైనా పట్టుకుపోతే లంచం ఇచ్చినట్టు ఉంటుందనిపించింది. గడప దగ్గర నిలబడి "అక్కా, అత్తమ్మ ప్రార్థనకు కూర్చోవడం లేదు, మన వల్లే" అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు. ఆమె మొహం చూసి భయమేసింది. లోపలికి రమ్మనలేదు. "ఆలోచిస్తాలే" అంది. వచ్చేశాను, వచ్చి ఏడ్చాను.

ఈ సాయంత్రం కుక్కర్ దించే వేళకు ఆమె వచ్చింది. తిరుహృదయం పటం తేలేదు, నేను అడగలేదు కూడా. పాత నైలాన్ వల దారం ఒక చుట్ట చేతిలో ఉంది. వాళ్ళ నాన్న జువ్వలదిన్నెలో వలలు కుట్టేవాడు. "మీ అమ్మ జపమాల తెగిపోయిందని పిల్లలు చెప్పారు, తీగ కంటే ఇది గట్టిది" అంది. బీరువాలో నుంచి డబ్బా తీశాను. ముగ్గురం నేల మీద గుడ్డ పరిచి పూసలు పోశాం. చిన్నవి 53, పెద్దవి 6 ఉండాలి కదా. చిన్నవి 51 ఉన్నాయి. నా జాకెట్ల డబ్బాలో ఉన్న తెల్ల పూసలు రెండు వేసి గుచ్చాం. ముళ్ళన్నీ అత్తమ్మే వేసింది, ఆమెకు చూపు ఆనకపోయినా చేతులకు తెలుసు.

ఈ రోజు దుఃఖ రహస్యాలు. మొదటిది చిన్నది చెప్పింది. తోటికోడలు ఒక్క రహస్యం అయ్యాక లేస్తుందనుకున్నాను, లేవలేదు. పరలోక జపంలో ఆ మాట దగ్గర అత్తమ్మ ఆగింది, మేము కూడా ఆగాం, తర్వాత ఆమే అందుకుంది. అయిదూ అయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. పులుసు మళ్ళీ వెచ్చబెట్టాల్సి వచ్చింది.

ఆత్మకూరు అన్నా, అది చేపల పులుసు కాదు, మునక్కాయది.

కలువాయి అమ్మి (కువైట్) · మార్చి 21, రాత్రి 12:05

అక్కా, రేపు మీరు మొదలుపెట్టే టైం చెప్పు. ఇక్కడ రెండున్నర గంటలు వెనక. ఆ టైముకు నేను గిన్నెలు తోముతుంటాను.